మూడు బెజ్జాల ఆపరేషన్

మొన్న పొద్దున్నే వంటింట్లో గిన్నె చప్పుడు వినపడితే, ఈ ఇంట్లో నేను కాకుండా ఇంత పెందలాడే లేచేది ఎవరా అనుకుంటూ వెళ్ళి చూద్దును కదా, ముందురోజు సాయంత్రమే ఆస్పత్రి నుంచి వచ్చిన నా కూతురు పొయ్యి దగ్గర నిలబడి టీ కాస్తోంది. గర్భసంచిలో గడ్డ పెరిగి నెలనెలా దాని ఒంట్లో నెత్తురంతా తోడేస్తుంటే, ఇక్కడే బెజవాడలో ఒక ఆస్పత్రిలో కడుపుకి చిన్న చిన్న బెజ్జాలు పెట్టి, ఆ గడ్డను మాత్రం ఒలిచి తీసి, సంచిని దాని చోట దాన్ని భద్రంగా ఉంచి, కుట్లు వేసి ఇంటికి పంపించారు. అటువంటి మనిషి తెల్లారేసరికి భవానీపురంలో ఈ మూడో అంతస్తు వంటింట్లో టీ కాస్తుంటే కన్నతల్లి ప్రాణం ఎట్లా ఊరుకుంటుంది? చేతిలో పట్టుకారు లాక్కుని మంచం మీదికి తోలాను. డాక్టరుగారే లేచి తిరగమన్నారమ్మా అని నవ్వింది. నిజమే, తిరగమన్నారు, నేనూ పక్కనే ఉండి విన్నాను. విన్నంత మాత్రాన నా భయం తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో నా ఈడు ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు, అయినా చెప్పాలని ఉంది. నాకు అక్షరాలు సంతకం దాకానే వచ్చు. పొలాల్లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు ఒకటి ఉంది, దాంతో నేను చెప్పుకుపోతుంటే మనవరాలు రాస్తోంది. ఇందులో నలుగురిలో అనకూడని మాటలు కొన్ని వస్తాయి. మనం మనం ఆడవాళ్ళమే కనుక, వచ్చినవి వచ్చినట్టే రాయమన్నాను.

మాది పామర్రు అవతల, కాలవ గట్టునే ఉన్న చిన్న పేట. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ వరి ఊడ్పులకు వెళ్ళేదాన్ని. గొంతు పెద్దది, చెయ్యి వాడి, అందుకని కొన్నాళ్ళకు ముఠాకి నన్నే పెద్దను చేశారు. ముఠా పెద్ద అంటే రైతుతో మాట్లాడి పొలం ఒప్పుకోవాలి, ఆడవాళ్ళందర్నీ పోగుచేసుకుని వెళ్ళాలి, వరసలో ముందుండి నాటాలి. పెద్ద నడుం ఎత్తితే ముఠా అంతా నడుం ఎత్తుతుంది, అది వంగినంతసేపూ అందరూ వంగుతారు. మా ఇల్లు నడిచింది ఆ వంగడం మీదే. మా ఆయన ట్రాక్టరు తోలేవాడు గానీ, తోలిన రోజుల కంటే అది చెడి షెడ్డులో ఉన్న రోజులే ఎక్కువ.

మా వైపు ఆడవాళ్ళకు రెండే ఆపరేషన్లు తెలుసు. పిల్లలు పుట్టకుండా చేసేది చిన్నాపరేషన్, సంచి తీసేది పెద్దాపరేషన్. మా అత్తకు పెద్దాపరేషన్ అయింది, నేను కాపురానికి రాకముందే. స్నానానికి నీళ్ళు తోడి వీపు రుద్దేటప్పుడు చూసేదాన్ని, బొడ్డు కింద నుంచి జెర్రి పాకినట్టు పెద్ద మచ్చ. అప్పట్లో అది చీము పట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ కుట్టారట. మానిన తరవాత కూడా పొట్ట ఒక పక్కకు ఉబికి వచ్చేది, పాత పంచె చింపి బిగించి కట్టుకునేది. ఆవిడ మళ్ళీ మడిలోకి దిగలేదు. కింద పడిన చెంబు తీయాలన్నా గోడ పట్టుకుని, ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అప్పుడు తీసేది. ఒకప్పుడు ఆవిడ కూడా ముఠాకి పెద్దేనని చెప్తే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. పెద్దాపరేషన్ అయిన మనిషిని పలకరించడానికి వచ్చే ఆడవాళ్ళు బత్తాయిలో, బ్రెడ్డు పొట్లమో మంచం పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ముందుగా కోత చూసేవాళ్ళు. చూసి నోటి మీద చెయ్యి వేసుకుని, జానెడా, జానెడున్నరా అని వేళ్ళతో గాలిలో కొలుచుకునేవాళ్ళు. కోత ఎంత పొడుగైతే పథ్యం అంత పొడుగు, మంచం మీద ఉండే కాలం కూడా అంత పొడుగు. జానెడు కోత ఉన్నదాన్ని బిందె ఎత్తమనే అత్త గానీ, అన్నం పెట్టమనే మొగుడు గానీ మా పేటలో లేరు. పొలానికీ పొయ్యికీ మధ్య తిరిగి తిరిగి అరిగిపోయే ఆడదానికి కదలకుండా పడుకునే హక్కు ఆ కోత ఒక్కటే ఇచ్చేది. పక్కింటివాళ్ళు కూర పంపేవాళ్ళు, మధ్యాహ్నాలు ఎవరో ఒకరు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని పేలు చూస్తూనో, ఊళ్ళో సంగతులు చెబుతూనో పొద్దు వాలిందాకా ఉండేవాళ్ళు.

ముగ్గురు పిల్లలు పుట్టాక, చిన్నది బడికి పోవడం మొదలుపెట్టిన రోజుల్లో, నాకు నెత్తురు పోవడం మొదలైంది. నెలకు వారం అన్నది పది రోజులైంది, ఆ తరవాత ఆగిన రోజులే వేళ్ళ మీద లెక్కపెట్టుకునేట్టు అయింది. మోకాలి లోతు బురదలో వంగి ఉన్నంతసేపూ ఎవరికీ తెలిసేది కాదు, గట్టు ఎక్కేటప్పుడే భయం. అందుకని నల్లచీర తప్ప కట్టేదాన్ని కాదు. గోళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, నాలుగు అడుగులు వేస్తే కళ్ళకు చీకట్లు. అయినా నోరు విప్పలేదు, ఎందుకంటే విప్పితే పెద్దాపరేషన్ అంటారు, పెద్దాపరేషన్ అయితే మా అత్తలాగా గోడ పట్టుకుని కూర్చుంటాను, నడుం వంగకపోతే ముఠా పోతుంది, ముఠా పోతే పిల్లల నోట్లోకి ముద్ద పోదు. నా భయమంతా అదొక్కటే.

ఒకరోజు గట్టు మీదే పడిపోతే మోసుకొచ్చి పామర్రులో చూపించారు. అక్కడ డాక్టరు కొన్నాళ్ళు మాత్రలు ఇచ్చి చూశాడు, అవి పని చెయ్యకపోతే స్కానింగ్ తీయించి, సంచి నిండా గడ్డలున్నాయి, బెజవాడ వెళ్ళండి అన్నాడు. బెజవాడలో మేము వెళ్ళిన ఆస్పత్రి డాక్టరమ్మ అప్పుడే కొత్తగా, కడుపు కోయకుండా చేసే ఆపరేషన్ మొదలుపెట్టింది. సన్నగా, పొట్టిగా, చూస్తే కాలేజీ పిల్లలా ఉంది. నెత్తురు చాలా తక్కువగా ఉంది, ముందు ఎక్కించాలి అని చెప్పి, తరవాత తన పొట్ట మీదే వేలితో చూపించింది. ఇక్కడ ఒక బెజ్జం, ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఒకదాంట్లోంచి చిన్న కెమెరా పంపిస్తాం, మిగతావాటిలోంచి సన్నటి కడ్డీలు పంపిస్తాం, టీవీలో చూసుకుంటూ చేస్తాం, కోత ఉండదు అంది.

నేనైతే నోరు తెరుచుకుని విన్నాను గానీ మా ఆయన ఊరుకోలేదు.

"టీవీ చూసుకుంటా చేస్తామంటన్నారు గదండీ, మద్దెలో కరెంటు పోతేనో?"

"జనరేటర్ ఉందయ్యా."

"కరెంటు పుట్టే ఇబ్రహీంపట్నం మీకు పక్కనే ఉంది కాబట్టి మీరు ధైర్యంగా ఉన్నారు. మా కాడ రోజూ పోతానే ఉంటదండి."

ఆవిడ నవ్వి, నా వైపు తిరిగి, నీకు భయం దేనికమ్మా, ప్రాణానికా అని అడిగింది. పెద్ద పెద్ద డాక్టర్లు ఎవరూ అట్లా అడగరు, అడిగినా మనం చెప్పే లోపల ఇంకో మనిషిని పిలుస్తారు. ఆవిడ ఆగింది.

"ప్రాణానికి కాదండి. నాకు వంగాలండి," అన్నాను.

ఆవిడకు మొదట అర్థం కాలేదు. ఊడ్పుల సంగతీ, ముఠా సంగతీ, మా అత్త మచ్చ సంగతీ చెప్పాను. అంతా విని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, వంగుతావు అంది. అయితే నేను చెప్పినంతకాలం నడుం వంచకూడదు, బరువు ఎత్తకూడదు, బయట బెజ్జాలు చిన్నవే అయినా లోపల వేసే కుట్లు పెద్దాపరేషన్ కుట్లే, అవి మానకముందే మడిలోకి దిగావా, అప్పుడు నిజంగానే జన్మలో వంగలేవు అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ మాట నేను కొంగున ముడేసుకున్నాను.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. మూతికి గొట్టం పెట్టారు, కళ్ళు తెరిచేసరికి అయిపోయింది. మా పేట పాస్టరమ్మగారు బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేస్తూనే ఉందట. మా ఆయనను మాత్రం నర్సు లోపలికి పిలిచి, తీసిన సంచిని పళ్ళెంలో పెట్టి చూపించింది. అది ఆస్పత్రివాళ్ళ పద్ధతి, ఇంటివాళ్ళకు చూపించే పరీక్షకు పంపుతారు. ఆయన కోడిని కోస్తే కూడా పక్క సందులోకి పోయే మనిషి. పళ్ళెం కనపడగానే గట్టిగా కళ్ళు మూసుకుని, చూశానండి, చూశానండి అని చెప్పి బయటికి వచ్చేశాడు. అది ఎంత దూరం తెచ్చిందో చెబుతాను.

మూడో రోజు నా కాళ్ళ మీద నేను నడిచి బస్సు ఎక్కాను. కడుపులో నొప్పి ఓర్చుకునేంతే, కానీ కుడి భుజం మాత్రం ఎవరో మెలిపెట్టినట్టు సలుపుతోంది. లోపల చోటు కోసం కడుపు నిండా గాలి నింపుతారు, అది పూర్తిగా పోయేదాకా భుజంలో నొప్పి ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇంటికి వచ్చేసరికి పేట ఆడవాళ్ళంతా బత్తాయిలతో సిద్ధంగా ఉన్నారు. మా అత్త తలుపు దగ్గరికి వేసింది. నేను కొంగు తొలగించాను. బొడ్డు దగ్గర ఒకటి, అటొకటి, ఇటొకటి, చంటిపిల్లల మోకాలికి వేసేటంత మూడు పట్టీలు. ఎవరూ నోటి మీద చెయ్యి వేసుకోలేదు. ఎవరి వేళ్ళూ గాలిలో కొలవలేదు.

చివరికి మా అత్తే అంది. "కోత ఏదే?"

"కోత ఉండదత్తా. బెజ్జాల్లోంచి చేశారు."

"ఆ బెజ్జంలో చిటికెనవేలు దూరదు, సంచి ఎట్టా వచ్చిద్దే?"

ఇక్కడ నాకు సిగ్గు వచ్చినా చెప్పక తప్పలేదు. ముగ్గురు పిల్లలూ ఏ దారిన వచ్చారో ఆ దారినే తీశారత్తా అన్నాను. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మా అత్త నవ్వలేదు. కొడుకుని పిలిచి, తీసింది నువ్వు చూశావంట్రా అని అడిగింది. ఆయన తల గోక్కున్నాడు. ఇంకోసారి అడిగితే, చూపించారమ్మా, నేనే కళ్ళు మూసుకున్నా అన్నాడు.

అంతే, తీర్పు అయిపోయింది. పల్లెటూరివాళ్ళమని చూసి మత్తిచ్చి పడుకోబెట్టి, మూడు సూది పోట్లు పొడిచి, ఏమీ తీయకుండా పంపించారని మా అత్త గట్టిగా నమ్మింది. భుజం నొప్పి అని నేను మూలిగితే అది ఇంకో సాక్ష్యం అయింది. "కడుపులో ఆపరేషనంట, భుజం నొప్పంట, రేపు చెవి పోటు వచ్చిద్దేమో చూడండే," అని ముఠాలో ఒకామె అంటే అందరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వితే పొట్ట లాగేది. వాళ్ళు తెచ్చిన బత్తాయిలు నేను మంచం మీద ఉండగానే పిల్లలు తినేశారు, మళ్ళీ ఎవరూ తేలేదు.

ఇంతలో కాలవకు నీళ్ళు వదిలారు. సార్వాకి, అంటే తొలి పంటకి, నారు పోసిన ఆకుమళ్ళు పచ్చగా లేచి నిలబడ్డాయి. రైతులు ఒకరి తరవాత ఒకరు మా గుమ్మం ముందు సైకిలు ఆపి, ముఠా ఎప్పుడు వస్తుందని అడగడం మొదలుపెట్టారు. మా అత్త ఏమీ దాచుకోలేదు. దానికేమైంది, నడుస్తోంది, తింటోంది, కోతా లేదు గీతా లేదు, సోమవారం దిగిద్ది అని మాట ఇచ్చేసింది. నా కడుపులో ఉన్న కుట్లు నాకు తప్ప ఎవరికీ కనపడవు, నాకూ కనపడవు. దిగితే లోపల ఊడిపోతాయి, జన్మలో వంగలేను. దిగకపోతే ముఠా ఇంకొకరి వెంట పోతుంది. జానెడు కోత ఉండి ఉంటే ఈ గొడవే లేదు కదా అని, నమ్ముతారో లేదో, కోత లేనందుకు గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మా ఆయనకు ఎట్లా అనిపించిందో, ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సుకి బెజవాడ వెళ్ళి డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. ఏం తీశారో మా అమ్మ అడగమంది అన్నాడట. కోప్పడితే కోప్పడాల్సిన మాటే. ఆవిడ కోప్పడలేదు. మీకు పళ్ళెంలో చూపించాం కదయ్యా అంటే, చూపించారండి, నేనే చూళ్ళేదండి అన్నాడట. ఆవిడ నవ్వు ఆపుకుని, ఇంటికి పంపేటప్పుడు కాగితాలతో పాటు ఒక సీడీ ఇచ్చాం, అందులో ఆపరేషన్ మొదటినుంచీ చివరిదాకా ఉంది, మీ అమ్మగారికి చూపించు అంది. మేము దాన్ని స్కానింగ్ ఫొటో అనుకుని ట్రంకుపెట్టెలో బట్టల కింద పడేశాం.

సీడీ పెట్టుకునే మెషిను మా పేటలో పాస్టరుగారి ఇంట్లోనే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరుగారితో సహా మగవాళ్ళందర్నీ కాలవ గట్టు మీదికి పంపేసి, పాస్టరమ్మగారు ముందుగదిలో టీవీ పెట్టింది. చాపల మీద ముఠా అంతా కూర్చుంది. మా అత్తకు మాత్రం కుర్చీ వేశారు. నన్ను గోడకు చేరవేసి కూర్చోబెట్టారు. నా కడుపు లోపల ఏముందో నేనూ అప్పుడే చూడబోతున్నాను.

ఏం చెప్పను. నెత్తురూ చీమూ ఏదో ఘోరంగా ఉంటుందనుకున్నాను. తెర మీద తెల్లవారేటప్పటి ఆకాశంలాగా లేత గులాబీ రంగు, తడితడిగా, మెరుస్తూ. మధ్యలో గర్భసంచి, దాని మీద బత్తాయంత ఒక గడ్డ, ఉసిరికాయలంత చిన్నవి ఇంకొన్ని. సన్నటి కడ్డీలు రెండు పక్కల నుంచీ వచ్చాయి, నాటిన మడిలో కొంగ మొక్క తొక్కకుండా అడుగు తీసి అడుగు వేసి, ముక్కుతో పొడిచి ఎత్తినట్టు, ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుని, ఎక్కడ విడదీయాలో అక్కడే విడదీస్తూ, పక్కనున్న పేగుని తగలకుండా తప్పుకుంటూ. నెత్తురు ఊరబోతే ఊరకముందే అక్కడ సన్నగా కాల్చి ఆపేస్తున్నారు. చెయ్యి కనపడదు, మనిషి కనపడదు, పనితనం ఒక్కటే కనపడుతోంది. ఆ పొట్టి డాక్టరమ్మ చేతులే కదా అవి అనుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది. వరసలో గీత గీసినట్టు నాటే చెయ్యిని నేను చూస్తే గుర్తుపడతాను. అది అటువంటి చెయ్యి. చివరికి సంచి కిందికి జారి, పిల్లలు వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తరవాత లోపల కుట్లు వేయడం మొదలైంది, చేపను పట్టినట్టు సూదిని పట్టి తిప్పి, ఒకదాని పక్కన ఒకటి. నన్ను ఎగతాళి చేసిన ఆమె అందరికంటే ముందు నోటి మీద చెయ్యి వేసుకుంది.

అయిపోయాక మా అత్త, అమ్మా, ఆ మొదట్లో గులాబీ రంగులో కనపడింది, అది ఇంకోసారి తిప్పండి అని పాస్టరమ్మగారిని అడిగింది. తిప్పారు. ఆవిడ కుర్చీలోంచి ముందుకు జరిగి, తెర దగ్గరగా మొహం పెట్టి చూసింది. "ఎంత శుభ్రంగా ఉందే. నాకూ లోపల ఇట్టాగే ఉండేదా?" అంది. పంచె గుడ్డ బిగించి కట్టుకున్న తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చుంది. ఆవిడను కోసినవాళ్ళు ఆవిడకు ఏమీ చూపించలేదు, ఏమీ చెప్పలేదు. తన ఒంట్లోంచి ఏం పోయిందో అంత వయసొచ్చాక, కోడలి కడుపులో చూసి తెలుసుకుంది.

సోమవారం నేను మడిలోకి దిగలేదు. మా అత్త వెళ్ళింది. వంగలేని మనిషి, కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి, నా ముఠాని నా బదులు నడిపించింది. వరస వంకరపోతే కేకలు, నడుం ఎత్తితే తిట్లు. పెద్ద వంగకపోయినా ముఠా వంగింది. ఎవరైనా నా గురించి అడిగితే, "లోపల కుట్లున్నయ్యే దానికి, నువ్వు చూశావుగా," అని కర్ర ఎత్తేది. డాక్టరమ్మ చెప్పినంతకాలం నాకు ముద్దలు కలిపి పెట్టి, బిందె తాకనివ్వలేదు. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. రెండో పంటకి, దాళ్వా ఊడ్పులకు నేను దిగాను. మొదటి రోజు నారుకట్ట చేతిలో పట్టుకుని, భయం భయంగా వంగాను. వంగాను. ఆ బురద వాసన దగ్గరగా మొహానికి కొట్టినప్పుడు కలిగిన సంతోషం, నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు మా అత్త లేదు, మా ఆయనా లేడు. పొలాల్లో యంత్రాలు నాటుతున్నాయి, లేదా విత్తనం వెదజల్లేస్తున్నారు, వంగేవాళ్ళ అవసరమే తగ్గిపోయింది. డాక్టర్ల పనితనం చూస్తే, అప్పుడు నా సంచి తీస్తేనే అబ్బురపడ్డాం, ఇప్పుడు నా కూతురికి సంచి అట్లాగే ఉంచి గడ్డ ఒక్కటే తీశారు. ఆ చేతులకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

నిన్న కూతురికి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. బెజ్జాల ఆపరేషనే కదమ్మా, సోమవారం పనిలోకి వస్తావు కదా అని ఆ పెద్దమేడమ్ అడుగుతోంది. ఇది సరేనండి అనేసింది. సోమవారం అన్న మాట వినగానే నాకు మా గుమ్మం ముందు ఆగిన సైకిళ్ళు గుర్తొచ్చాయి. ఫోను ఇటివ్వమని తీసుకుని, లోపల కుట్లున్నాయండీ, డాక్టరమ్మ చెప్పిందాకా రాదండీ అని నా బొంగురు గొంతుతో చెప్పాను. ఆ మేడమ్, సరేనమ్మా, మీరు చెప్పారుగా అంది. కూతురు తలకొట్టుకుంది.

ఈ భవనంలో ఇన్ని వాటాలు, ఒక్క ఆడమనిషి వచ్చి తలుపు తట్టలేదు. ఫోనులో పూలబొమ్మలు పంపారు. తప్పు పట్టను, ఎవరి పరుగు వాళ్ళది. మధ్యాహ్నం కుర్చీ లాక్కుని దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "ఏంటమ్మా, ఏమన్నా కావాలా?" అంది. ఏమీ వద్దే, ఊరికే కూర్చున్నా అన్నాను. దానికి వింతగా అనిపించినట్టుంది. కాసేపు చూసి, ఫోను పక్కన పడేసి, నా వైపు తిరిగి పడుకుంది.

ఆ జెర్రి మచ్చ ఏ ఆడపిల్ల పొట్ట మీదా మళ్ళీ రాకూడదు. అది పోవాల్సిందే, పోయింది. దాన్ని చూడ్డానికని వచ్చి, పొద్దు వాలిందాకా లేవని ఆడవాళ్ళు కూడా దాంతోపాటే పోయారు. నొప్పి తెలియకుండా, మచ్చ పడకుండా, వాళ్ళని మన మధ్య నుంచి ఎప్పుడు తీసేశారో, నేను చూస్తూనే ఉన్నా నాకు తెలియలేదు.